కొండ ఇంటి కిటికీ

తూర్పు కనుమలలోని అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. నైరుతి ఋతుపవనము కొండలను తాకినది మొదలు అక్కడ వాన తెరపి లేక కురియును. కార్తికము వచ్చుసరికి వాన వెనుకబట్టి మంచు దిగును. పుష్యమాసమున తెల్లవారుజామున ఎదుటి చెట్టు సైతము కనబడదు. ఫాల్గుణము దాటినంతనే గాలి పొడియారి, అడవి ఆకు రాల్చును. ఈ మార్పులన్నిటిని దినదినమును తెరచుకొనుచు మూసికొనుచు ఓర్చుకొనవలసినది ఇంటి కిటికీ. గోడ కదలదు గనుక దాని కష్టము తక్కువ.

పూర్వము ఆ కొండలలో కిటికీలు అరుదు. బగతలు, కొండదొరలు, గదబలు, పోర్జలు కట్టుకొనిన పాత మట్టి ఇండ్లకు సాధారణముగా ఒక చిన్న వాకిలియే వెలుగునకును గాలికిని దారి. చలి లోనికి రాకుండుటకు అది మంచి ఉపాయమే. పొయ్యి పొగ పైకెక్కి వాసములకు పట్టి, కొయ్యకు పురుగు చేరనీయకుండెడిది. కాని వాసములకు మేలు చేసిన పొగ కన్నులకును ఊపిరితిత్తులకును కీడు చేసెడిది. పెద్ద కొయ్య కిటికీలు అటవీశాఖ బంగళాలతోను, పాఠశాలలతోను కొండలకు వచ్చినవి. 1960 దశకమున కొత్తవలస–కిరండూలు రైలుమార్గము వేసినప్పుడు, దారిపొడవునను స్టేషనులును, ఉద్యోగుల ఇండ్లును లేచినవి. ఇట్లు వచ్చిన కిటికీలలో నేటికిని మిగిలియున్న వానికి అరువది ఏండ్లు నిండినవి, నిండుచున్నవి.

అట్టి కిటికీ బిగుసుకొని తెరచుకొననప్పుడు, లేక దాని క్రింది మూల చివికినప్పుడు, దానిని పెరికివేసి అల్యూమినియము కిటికీని పెట్టించుట నేడు పరిపాటి. పెరికిన కొయ్య పొయ్యిలోనికి పోవును. ఇది చాల తొందరపాటు పని. పదిపాళ్ల కొయ్యలో తొమ్మిదిపాళ్లు గట్టిగానే ఉండగా, చెడిన ఒక్క పాలు కొరకు కిటికీ అంతయు నశించును.

కిటికీలు రెండు తరగతులు. రెక్కలు మడతబందులమీద తిరుగునవి మన దేశమున ఎక్కువ. రెండవ తరగతి ఇంగ్లండులో 17వ శతాబ్దపు చివరిభాగమున ప్రబలినది. అందు రెండు గాజు చట్రములు ఒకదాని వెనుక ఒకటి నిలిచి, గాడులలో పైకి క్రిందికి జారును. చట్రమునకు కట్టిన త్రాడు పైనున్న గిలకమీదుగా పోయి, ప్రక్కనున్న కొయ్య పెట్టెలో వ్రేలాడు ఇనుప గుండునకో, సీసపు గుండునకో ముడివడును. గుండు బరువు చట్రపు బరువునకు సరిపోవుటచే, ఒక్క చేతితో ఎత్తినను చట్రము లేచును. విడిచిన చోటనే నిలుచును. బావి గిలకను చూచిన వారికి ఈ సూత్రము క్రొత్తది కాదు. త్రాడు తెగినచో మాత్రము చట్రము దభాలున పడి వ్రేళ్లు నలుగగొట్టును. అందుచే తెగిన త్రాడును ఆనాడే మార్చవలెను. రెండవ ప్రక్క త్రాడు తెగలేదు గదా యని దానిని విడువరాదు. ఈ జారు కిటికీ ఎంత ఎత్తినను సగమే తెరచుకొనును. ఉక్క పోయు దేశమునకు ఆ సగము చాలదు. కావుననే ఆంగ్లేయులు సైతము ఇక్కడి బంగళాలకు ఏటవాలుగా సన్న పలకలు పేర్చిన రెక్కలను పెట్టించిరి. మన ప్రజలు జారు కిటికీని ఎక్కువగా ఎరిగినది పాత రైలుపెట్టెలలోనే.

ఏ తరగతి కిటికీకైనను శత్రువు నీరే. అది పైనుండి పడునప్పుడు చేయు హాని తక్కువ. క్రింద నిలిచినప్పుడు చేయు హాని ఎక్కువ. కొయ్యలో నీరు నడచుటకు సన్నని గొట్టములవంటి నాళములు చెట్టు పొడవునను ఉండును. చెట్టు బ్రదికియున్నప్పుడు వేళ్లు పీల్చిన నీరు వానిద్వారానే కొమ్మలకు ఎక్కినది. కోసిన పట్టెయొక్క ప్రక్కభాగము నీటిని మెల్లగా పీల్చును. కోసిన కొన మాత్రము ఆ నాళములు నోళ్లు తెరచియుండుటచే వేగముగా పీల్చును. రెక్కయొక్క నిలువు పట్టెల కొనలు క్రిందనే ఉన్నవి. అడ్డ పట్టె కుసి నిలువు పట్టె బెజ్జములో దూరిన చోటును అక్కడనే ఉన్నది. అందుచే వంద పాత కిటికీలను పరీక్షించినచో, ఇంచుమించు అన్నిటను కుళ్లు క్రింది మూలలనే కనబడును. కొయ్యలో తేమ నూటికి ఇరువది పాళ్లు దాటి చాలకాలము నిలిచినప్పుడు శిలీంధ్రము పట్టును. ఆ పాలు దాటనీయనిచో కొయ్య నూరేండ్లైనను చివుకదు.

తేమ చేయు మరియొక పని ఉబ్బించుట. కొయ్య అడ్డముగా ఉబ్బును. పొడవున దాదాపు ఉబ్బదు. అందువలననే పూర్వపు వడ్రంగులు ఒకే వెడల్పు పలకతో రెక్కను చేయక, సన్నని పట్టెలతో చట్రము కూర్చి, దాని గాడిలో పలకను వదులుగా నిలిపిరి. పలక ఉబ్బినను కుంచించినను గాడిలోనే కదలును. చట్రపు కొలత చెడదు. గాడిలో పలకకు మేకులు కొట్టి బిగించువారు ఈ ఏర్పాటునే పాడుచేయుదురు. తరువాత పలక నడుమ పగులును.

ఆషాఢములో రెక్క బిగుసుకొనుట చూచి, కొందరు వెంటనే చిత్రిక తెప్పించి అంచును తీయింతురు. ఆనాటికి అది సుఖముగా మూసికొనును. మాఘమాసమున కొయ్య ఎండి కుంచించినప్పుడు అదే అంచున వ్రేలు దూరునంత సందు ఏర్పడి, రాత్రి చలిగాలి లోనికి వీచును. మరుసటి వర్షాకాలమున ఆ సందుననే నీరు చేరును. కాబట్టి చిత్రిక పట్టుటకు ముందు కారణమును కనుగొనవలెను. పై మడతబందు మరమేకులు వదులైనచో రెక్క క్రుంగి గడపను రాచుకొనును. అప్పుడు తీయవలసినది కొయ్య కాదు. మరమేకులను ఊడదీసి, ఆ రంధ్రములలో బంక రాసిన ఎండు కొయ్య చీలలను దిగగొట్టి, అవి ఆరిన పిమ్మట మరల బిగించినచో రెక్క తన చోటికి వచ్చును. కొన్ని కిటికీలు రంగు పొరల వలన బిగుసుకొనును. ఐదారు పూతలు ఒకదానిమీద నొకటి పడి అంచు దళసరియైయుండును. ఎక్కడ రాచుకొనుచున్నదో తెలియుటకు చట్రపు అంచున సుద్ద రుద్ది రెక్కను మూసి తెరచినచో, రెక్కమీద తెల్లని గుర్తు పడును. ఆ చోట రంగును మాత్రము గీకి, కొవ్వొత్తి మైనమును రుద్దిన చాలును. నిజముగా కొయ్యనే తీయవలసివచ్చినచో ఎండు నెలలలో, కొంచెము కొంచెముగా తీయవలెను.

పాత రంగును గీకునపుడు ఒక జాగ్రత్త అవసరము. పూర్వపు రంగులలో సీసము కలిపెడివారు. అది పొడియై ఊపిరితో లోనికి పోయినచో పిల్లల మెదడునకు హాని చేయును. ఇండ్లకు వాడు రంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నియమము మన దేశమున 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చినది. అంతకు ముందటి రంగును ఎండగానే ఉప్పుకాగితముతో రుద్దరాదు. నీటితో తడిపి రుద్ది, ఆ మడ్డిని గుడ్డతో ఎత్తివేయవలెను. రంగు పొరలను పొయ్యిలో వేయరాదు. ఈ పని జరుగుచోట చిన్నపిల్లలు ఉండరాదు.

కుళ్లు ఎంతవరకు పోయినదో కంటికి తెలియదు. పైన రంగు నిగనిగలాడుచుండగా లోపల కొయ్య అటుకుల వలె ఉండవచ్చును. సన్నని మొన గల పనిముట్టుతో క్రింది మూలను పొడిచి చూడవలెను. గట్టి కొయ్యలో మొన దిగదు. చివికిన కొయ్యలో మెత్తగా దిగును. చివికినంత భాగమును, దానికి పైన ఒక అంగుళము మంచి కొయ్యను కూడ కోసివేసి, అక్కడ అతుకు వేయవలెను. కోత అడ్డముగా ఉండరాదు. ఏటవాలుగా, వెలుపలికి వాలునట్లు ఉండవలెను. అడ్డపు కోతపై నీరు నిలుచును, వాలు కోతపై నుండి జారిపోవును. అతుకు కొయ్య నారు పాత కొయ్య నారు పోవు దిక్కుననే పోవలెను. నీటికి లొంగని బంకతో అతికి, కొయ్య చీల దిగగొట్టి, ఆరిన పిమ్మట చిత్రిక పట్టినచో అతుకు కనబడదు. ఈ పనికి బదులు చివికిన గుంటలో సిమెంటు కూరుట చాలచోట్ల కనబడును. అంతకంటె చెడ్డ మందు లేదు. సిమెంటు కొయ్యతోపాటు ఉబ్బదు, కుంచించదు. ఆ రెంటి నడుమ ఏర్పడిన సన్నని సందున నీరు చేరి, బయటికి పోవు దారి లేక, మిగిలిన కొయ్యను కూడ తినివేయును.

చట్రపు అడుగు పట్టె పైభాగము వెలుపలికి వాలియుండవలెను. దాని అడుగుభాగమున వెలుపలి అంచునకు దగ్గరగా పొడవునను ఒక సన్నని గాడి ఉండును. పట్టె క్రిందుగా గోడవైపు ప్రాకిపోవు నీటిబొట్టు ఆ గాడిని దాటలేక అక్కడనే రాలిపోవును. రంగు వేయువారు తెలియక ఈ గాడిని లప్పముతో పూడ్చివేయుదురు. అరవై ఏండ్ల క్రిందటి వడ్రంగి ఎందుకు తీసెనో ఆలోచింపక పూడ్చిన ఆ గాడి వలన గోడ నానిపోవును.

గాజు పలకను పట్టియుంచు లప్పము ఇంటనే చేయవచ్చును. మెత్తని సుద్దపొడిలో అవిసెనూనెను కొద్ది కొద్దిగా పోసి, చపాతిపిండి వలె మర్దింపవలెను. ముందుగా కొయ్య గాడికి నూనె రాయనిచో, ఎండు కొయ్య లప్పములోని నూనెను పీల్చివేసి దానిని పగులగొట్టును. లప్పముపై పొర గట్టిపడుటకు కొన్ని దినములు విడిచి, తరువాత రంగు వేయవలెను. ఆ రంగు గాజుమీదికి ఒక వెంట్రుక వాసి ఎక్కవలెను; అప్పుడే నీరు సందులోనికి దిగదు. అవిసెనూనె ఆరునప్పుడు వేడి పుట్టును. నూనె తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి మూల పడవేసినచో, ఆ వేడి బయటికి పోలేక గుడ్డ తనంతట తాను అంటుకొనవచ్చును. వానిని విప్పి ఆరవేయుటయో, నీటిలో ముంచుటయో చేయవలెను.

చెదలకును కుళ్లునకును మందు వెదకిన వారిలో ఒక తెలుగు ఇంజనీరు ఉన్నాడు. డెహ్రాడూనులోని అటవీ పరిశోధనాలయమున పనిచేసిన సొంటి కామేశం 1933లో రాగి, క్రోమియము, ఆర్సెనిక్కు లవణములను కలిపి ఒక ద్రావణమును కనుగొనెను. రాగి శిలీంధ్రమును అణచును. ఆర్సెనిక్కు చెదలను చంపును. క్రోమియము ఆ రెంటిని కొయ్యకు అంటుకొనునట్లు చేయును గనుక అవి వానకు సులభముగా కడుగుకొని పోవు. ఈ మందు పట్టించిన స్తంభములును కంచెలును ప్రపంచమంతట నిలిచినవి. ఆర్సెనిక్కు విషమగుటచే 2003 తరువాత అమెరికాలో ఇండ్లకు వాడు కొయ్యకు దీనిని పట్టించుట మానిరి. ఇంటి కిటికీ మరమ్మతునకు బోరాక్సు, బోరిక్ ఆమ్లము కలిపిన నీరు చాలును. దానిని పట్టె కొనలకు రెండు మూడు మారులు పట్టించి, ఆరనిచ్చి, పైన రంగు పూయవలెను. పూత లేనిచో వాన దానిని కడిగివేయును. కొయ్యకు మందు రాసినను, నేలనుండి గోడవెంట ప్రాకు చెదల మట్టిగొట్టమును ఎప్పటికప్పుడు విరుగగొట్టక తప్పదు.

ఇక అతుకునకు కొయ్య. కొండలలో కమ్మర తెగవారు కొలిమిపనియు, వడ్రంగమును రెండును ఎరిగినవారు. నాగళ్లు, గొడ్డళ్లు చేయు చేతులతోనే తలుపులును చేయుదురు. టేకు అన్నిటికంటె తక్కువ కదలును. వేగిస చివుకదు. పనసకు చెద తొందరగా పట్టదు. నల్లమద్ది బలమైనదే గాని ఆరునప్పుడు పగులును. కాఫీ తోటలలో నీడ కొరకు పెంచు సిల్వర్ ఓకు సులభముగా దొరకును. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఆ చెట్లను లెక్కకు మించి కూల్చినది. దాని కొయ్య లోపలి పనులకు పనికివచ్చును గాని వానలో తడియు కిటికీకి నిలువదు. పెద్ద టేకును, వేగిసను అడవిలో ఇష్టము వచ్చినట్లు నరుకుటకు చట్టము ఒప్పదు. నాటిన టేకు ఆ గట్టిదనమునకు వచ్చుటకు తరములు పట్టును. అందుచే తెలిసిన వడ్రంగి పాత కట్టడము పడగొట్టినచోట దొరకిన జానెడు టేకు ముక్కను సైతము పొయ్యిలో పెట్టనీయడు. మేకులు లాగి, దుమ్ము తుడిచి, అటకమీద దాచును. చైత్రములో ఎవరి ఇంటి కిటికీ మూల మెత్తబడినను ఆ ముక్క క్రిందికి దిగును.