పెట్రోలు తగ్గిస్తే మైలేజీ పెరుగుతుందా?

మహదేవపూర్ నుంచి కాళేశ్వరం వెళ్ళే మోటారు సైకిలు దేనితో నడుస్తుంది? పెట్రోలుతో అంటారు మీరు. నిజమే. కాని దాని ఇంజను పెట్రోలు కన్నా గాలినే ఎక్కువగా తీసుకుంటుంది. 1 గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. అంటే లీటరు పెట్రోలుకు దాదాపు 11 కిలోల గాలి!

మరి పెట్రోలు తగ్గించి గాలి పెంచితే? దానిని పలుచని మిశ్రమం అంటారు. కార్బురేటరు ఉన్న బండికి స్క్రూ తిప్పి ఇలా చేయవచ్చు. కొంతవరకు లాభమే. గాలి 16 గ్రాముల దాకా పెరిగితే పెట్రోలు బాగా మండి మైలేజీ పెరుగుతుంది. ఇంకా పెంచితే మాత్రం నష్టం. ఎందుకని?

మహదేవపూర్ ఉన్న భూపాలపల్లి జిల్లాలో సింగరేణి బొగ్గు గనులున్నాయి. బొగ్గు పొరల నుంచి మీథేన్ వాయువు వెలువడుతుంది. గాలిలో అది నూటికి 5 నుంచి 15 పాళ్ళు ఉన్నప్పుడే నిప్పు తగిలితే పేలుతుంది. 5 పాళ్ళకు తగ్గితే మంట వ్యాపించదు. మండిన కొద్ది వాయువు ఇచ్చే వేడిని చుట్టూ ఉన్న గాలే పీల్చుకుంటుంది. పక్క పొరను అంటించేంత వేడి మిగలదు.

పెట్రోలు ఆవిరికీ ఇలాంటి హద్దు ఉంది. పైగా ఇంజనులో వ్యవధి చాలా తక్కువ. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజనులో పిస్టను ఒకసారి కిందికి దిగడానికి పట్టేది సెకనులో నూరో వంతే! పలుచని మిశ్రమంలో మంట నెమ్మదిగా పాకుతుంది. గాలి 20 గ్రాములకు చేరేసరికి మామూలు ఇంజనులో మిశ్రమం ఒకసారి సగమే మండుతుంది, మరొకసారి అసలు అంటుకోదు. మెకానిక్కులు 'మిస్సింగ్' అనేది దీన్నే. మండని పెట్రోలు సైలెన్సరు గుండా బయటికి పోతుంది. పొదుపు చేయబోతే వృథా అయిందన్నమాట!

ఈ హద్దును జరపవచ్చా? 1970లలో జపాను హోండా కంపెనీ సివిక్ కారు ఇంజనులో ఒక చిన్న గదిని అదనంగా అమర్చింది. స్పార్కు ముందు ఆ గదిలోని చిక్కని మిశ్రమాన్ని అంటిస్తుంది. అక్కడి నుంచి దూసుకువచ్చిన మంట సిలిండరులోని పలుచని మిశ్రమాన్ని మండిస్తుంది. పచ్చి కట్టెల కింద ఎండు చితుకులు వెలిగించినట్లే కదూ!

మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 నిబంధనలు అమలులోకి వచ్చాయి. వాటికి తగినట్లు తయారైన బళ్ళలో పొగలోని ఆక్సిజనును ఒక సెన్సరు కొలుస్తుంది. దానిని బట్టి కంప్యూటరు పెట్రోలును సర్దుతుంది. మామూలు వేగంలో గాలి 14.7 గ్రాముల దగ్గరే ఉంటుంది. పొగలోని విషవాయువులను శుభ్రపరిచే పరికరం బాగా పనిచేసేది అక్కడే.

ఇప్పుడు చెప్పండి: మైలేజీ కోసం స్క్రూను ఎంతవరకు తిప్పవచ్చు?