నాలుగోవాడి లెక్క

క్రాస్ కంట్రీ అంటే మా క్లాసులో సగం మందికి ఏంటో తెలియదు. "ట్రాక్ మీద కాకుండా బయట ఉరుకుడే కదా?" అని అడుగుతారు. అవును, అదే. మా ఇంట్లో కూడా పరుగు అనరు, ఉరుకుడు అనే అంటారు. పొద్దున్నే లేచి ఎందుకు ఉరుకుతున్నావురా అని మా నానమ్మ ఇప్పటికీ అడుగుతుంది. కానీ చాలామందికి తెలియని విషయం ఇంకొకటి ఉంది. క్రాస్ కంట్రీ ఒంటరి ఆట కాదు, టీమ్ ఆట. ఆ టీమ్ లెక్క ఎలా పనిచేస్తుందో నేను పోయిన సీజన్ చివరి పోటీలో నేర్చుకున్నా. కాస్త ఖర్చుతోనే నేర్చుకున్నా. అదే ఇక్కడ రాస్తున్నా.

టైమ్ కాదు, స్థానం

ముందు ఆట గురించి. ట్రాక్ మీద 400 మీటర్లు అంటే ఎక్కడైనా 400 మీటర్లే. క్రాస్ కంట్రీ అలా కాదు. గడ్డి, మట్టి, బురద, ఎత్తు, పల్లం అన్నీ దారిలో ఉంటాయి. సికింద్రాబాద్ చుట్టుపక్కల అయితే ఎర్రమట్టి, మధ్యలో పైకి తేలిన బండరాళ్లు. వాన పడిన మర్నాడు అదే దారి వేరే దారి అయిపోతుంది.

ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీలు ఇప్పుడున్న రూపంలో 1973లో బెల్జియంలోని వారెగెమ్‌లో మొదలయ్యాయి. 2019లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో జరిగినప్పుడు, గడ్డి పెంచిన ఒక మ్యూజియం పైకప్పు మీదుగా దారి వేశారు. ఆ వాలు ఎక్కి దిగినవాడి టైమ్‌ని, చదునైన మైదానంలో పరుగెత్తినవాడి టైమ్‌తో ఎలా పోలుస్తాం? పోల్చలేం. దూరాలు కూడా మారుతూ వచ్చాయి. ఒకప్పుడు సీనియర్ మగవాళ్లకు 12 కిలోమీటర్లు, ఆడవాళ్లకు 8 ఉండేవి. 2017లో కంపాలా పోటీల నుంచి ఇద్దరికీ 10 కిలోమీటర్లు చేశారు.

అందుకే ఈ ఆటలో టైమ్‌కి పెద్ద విలువ లేదు. ఆ రోజు, ఆ దారిలో, నీ ముందు ఎంతమంది ఉన్నారు అన్నదే లెక్క.

లెక్క ఇలా ఉంటుంది

ప్రపంచ పోటీల్లో ఒక్కో జట్టు నుంచి ఆరుగురు పరుగెత్తుతారు. వాళ్లలో ముందొచ్చిన నలుగురి స్థానాలు కూడుతారు. ఎవరి మొత్తం తక్కువైతే వాళ్లు గెలిచినట్టు. అన్నిటికంటే మంచి స్కోరు 10, అంటే 1+2+3+4. అమెరికా కాలేజీల్లో ఏడుగురు పరుగెత్తితే ఐదుగురిని లెక్కేస్తారు. అక్కడ మంచి స్కోరు 15. మేం పాల్గొన్న పోటీలో ఆరుగురు, నలుగురు పద్ధతే.

ఒక చిన్న ఉదాహరణ చూడండి. 'క' జట్టులో ముగ్గురు సూపర్‌స్టార్లు. 1, 2, 3 స్థానాలు వాళ్లవే. నాలుగోవాడు మాత్రం 40వ స్థానంలో వచ్చాడు. మొత్తం 46. 'ఖ' జట్టులో స్టార్ ఎవరూ లేరు. నలుగురూ గుంపుగా 9, 10, 11, 12 స్థానాల్లో వచ్చారు. మొత్తం 42. ట్రోఫీ 'ఖ' జట్టుదే. మొదటి ముగ్గురూ ఒకే కాలేజీవాళ్లు, కప్పు మాత్రం ఇంకో కాలేజీకి. మొదటిసారి విన్నప్పుడు నాకు ఇది అన్యాయం అనిపించింది. ఇప్పుడు అనిపించడం లేదు.

మరి రెండు జట్లకూ ఒకే మొత్తం వస్తే? ఏ జట్టు నాలుగోవాడు ముందొచ్చాడో ఆ జట్టు గెలుస్తుంది. ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లకి ఒక్క మాటలో చెప్పొచ్చు. ప్రతి జట్టుకీ (మొత్తం, నాలుగోవాడి స్థానం) అని ఒక టపుల్ చేసి సార్ట్ చేయడమే. పైథాన్‌లో రెండు లైన్ల పని. ఆ రెండు లైన్లు నేను పోటీకి ముందు రోజే రాసి, వాట్సాప్ గ్రూపులో పెట్టి గొప్పలు కూడా పోయా. కోడ్ రాశా గానీ, ఆ టపుల్‌లో రెండో అంకె నేనే అని నాకు తట్టలేదు.

ఒక సెకను ధర ఎంత?

ఇది నాకు బాగా నచ్చిన భాగం. పోటీ అయ్యాక ఫలితాల షీటు తీసుకుని కూర్చున్నా. మొదటి స్థానం నుంచి ఆరో స్థానం వరకు 70 సెకన్ల తేడా ఉంది. అంటే ముందు వరుసలో ఒక్క స్థానం సుమారు 14 సెకన్లు. 20వ స్థానం నుంచి 30వ స్థానం వరకు చూస్తే పది స్థానాలూ కలిపి 14 సెకన్లే. అంటే అక్కడ ఒక్క స్థానం 1.4 సెకన్లు.

కారణం సులువే. చాలా వేగంగా పరుగెత్తేవాళ్లు కొద్దిమంది, మరీ నెమ్మది వాళ్లు కొద్దిమంది, మిగిలినవాళ్లంతా మధ్యలో. స్టాటిస్టిక్స్ క్లాసులో గీసే గంట ఆకారం బొమ్మే ఇది. గంట నడుమ దగ్గర జనం కిక్కిరిసి ఉంటారు. మా బెస్ట్ రన్నర్ చచ్చీచెడీ ఐదు సెకన్లు తగ్గించుకున్నా అతని స్థానం మారేది కాదు. నాలాంటివాడు అదే ఐదు సెకన్లు తగ్గించుకుంటే మూడు స్థానాలు ముందుకు వెళ్తాడు. అవి మూడూ టీమ్ మొత్తంలో నుంచి నేరుగా తగ్గుతాయి.

అంటే సెకను అందరికీ ఒకటే, దాని ధర మాత్రం నువ్వు ఎక్కడ ఉన్నావన్న దాన్ని బట్టి ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువ ధర మధ్యలో ఉరికేవాడి దగ్గర ఉంది. అతనికేమో ఆ సంగతి తెలియదు. తనవైపు ఎవరూ చూడట్లేదు కదా అనుకుంటాడు.

చివరి వంద మీటర్లు

ఇక మా కథ. సీజన్‌లో అదే చివరి పోటీ. మా కెప్టెన్ అన్నకి ఫైనల్ ఇయర్, అంటే కాలేజీ తరఫున అదే ఆఖరి పరుగు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా టీమ్ ట్రోఫీ రాలేదని మాకందరికీ తెలుసు.

అన్న 3వ స్థానంలో వచ్చాడు. మా రెండోవాడు 8, మూడోవాడు 11. నేను నాలుగోవాణ్ణి. చివరి మలుపు తిరిగేసరికి 22వ స్థానంలో ఉన్నా. కాళ్లు బరువెక్కాయి, ఊపిరి అందట్లేదు. వెనక అడుగుల చప్పుడు వినపడుతూనే ఉంది. అప్పుడు నా మనసులో వచ్చిన మాట ఇది: ఇరవై రెండు అయితే ఏంటి, ఇరవై నాలుగు అయితే ఏంటి, మెడల్ అయితే రాదు కదా. కాస్త తగ్గించా. ఇద్దరు దాటిపోయారు. ఇద్దరివీ ఒకే రంగు జెర్సీలు. నేను 24.

మా మొత్తం 3+8+11+24, అంటే 46. ఆ జెర్సీల కాలేజీకి 5+7+12+22, వాళ్లకీ 46. టై. వాళ్ల నాలుగోవాడు 22, మా నాలుగోవాడు 24. ట్రోఫీ వాళ్లకి.

అన్న ఏమీ అనలేదు. నీళ్ల బాటిల్ ఇచ్చి, "చివర్లో ఏమైందిరా?" అని మాత్రం అడిగాడు. "ఒకటి రెండు ప్లేస్‌లు పోతే ఏం తేడా అనుకున్నా అన్నా" అన్నా. అన్న షీటు నా చేతిలో పెట్టి, "ఒకసారి లెక్క చూడు" అని వెళ్లిపోయాడు.

చూశా. నేను తగ్గించకుండా ఉంటే నేను 22, వాళ్ల నాలుగోవాడు 23. మాకు 44, వాళ్లకి 47. సొంత పోటీదారుణ్ణి దాటనిస్తే నష్టం ఒక పాయింటు కాదు, రెండు. మనకి ఒకటి పెరుగుతుంది, వాళ్లకి ఒకటి తగ్గుతుంది.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. నన్ను దాటిన రెండోవాడు, 23వ స్థానంలో వచ్చినవాడు, వాళ్ల జట్టులో ఐదోవాడు. అతని స్థానం వాళ్ల మొత్తంలో అసలు లెక్కకే రాదు. కానీ అతను నన్ను దాటకుండా ఉంటే నేను 23, మా మొత్తం 45, వాళ్లది 46. మేమే గెలిచేవాళ్లం. అంటే ఆ రోజు ట్రోఫీ గెలిపించింది లెక్కలోకి రాని మనిషి. అతను కూడా నాలాగే "నాదెలాగూ లెక్కలోకి రాదు కదా" అనుకుని ఉంటే సరిపోయేది. అతను అనుకోలేదు. నేను అనుకున్నా.

పారిస్‌లో ఒకరోజు

ఈ లెక్క పాతదే. క్రాస్ కంట్రీ ఒలింపిక్స్‌లో మూడుసార్లే ఉంది: 1912, 1920, 1924. చివరిసారి పారిస్‌లో భయంకరమైన ఎండలో జరిగింది. 38 మంది మొదలుపెడితే 15 మందే గీత దాటారు. ఫిన్లాండ్‌కి చెందిన పావో నుర్మి గెలిచాడు, రెండోవాడు విల్లే రిటోలా కూడా ఫిన్లాండే. కానీ అప్పుడు టీమ్ లెక్కకి ముగ్గురు కావాలి. మూడోవాడు హేక్కి లీమాటైనెన్ ఎండదెబ్బకి తూలిపోతూ ఎలాగో వచ్చి గీత దాటాడు. అతను వస్తేనే ఫిన్లాండ్‌కి టీమ్ స్వర్ణం. మొత్తం మీద మూడు దేశాలే ముగ్గురు ముగ్గుర్ని చివరిదాకా తీసుకురాగలిగాయి. ఆ తర్వాత ఒలింపిక్స్ నుంచి ఈ ఆటనే తీసేశారు. నుర్మి పేరు అందరికీ తెలుసు. లీమాటైనెన్ పేరు ఈ వ్యాసం కోసం చదివేదాకా నాకూ తెలియదు.

మంచు మీద అయితే

క్రాస్ కంట్రీకి మంచు మీద ఒక అన్న ఉన్నాడు: స్కీయింగ్. మన దగ్గర మంచు అంటే ఫ్రిజ్‌లోదే కాబట్టి మనకి తెలియదు. మన దేశంలో గుల్మార్గ్‌లో 2020 నుంచి ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌లో ఇది ఉంది. అక్కడ లెక్కలు వేరే రకం. ఇంటర్వల్ స్టార్ట్ అనే పద్ధతిలో సాధారణంగా 30 సెకన్లకి ఒకరిని వదులుతారు. పక్కన ఎవరూ ఉండరు, గడియారంతోనే పోటీ. రిలేలో నలుగురు ఒకరి తర్వాత ఒకరు వెళ్తారు కాబట్టి కూడేది స్థానాల్ని కాదు, సమయాల్ని. అక్కడ ఎవరు ఐదు సెకన్లు తగ్గించినా విలువ ఒకటే. 1982లో ఓస్లో ప్రపంచ పోటీల్లో నార్వే, సోవియట్ యూనియన్ రిలేలో సమంగా వచ్చి స్వర్ణం పంచుకున్నాయి. చివరి దశలో నార్వే ఆటగాడు ఒడ్వర్ బ్రో చేతికర్ర విరిగినా ఆగలేదు. అమెరికా కాలేజీల స్కీ పోటీలో అయితే మగవాళ్లు, ఆడవాళ్లు, కొండ దిగే స్కీయింగ్, దూరం వెళ్లే స్కీయింగ్ అన్నిటి పాయింట్లూ కలిపి ఒకే టీమ్ ట్రోఫీ ఇస్తారు. ఒకరినొకరు చూడని ఆటగాళ్లు కూడా ఒకే మొత్తంలో ఉంటారన్నమాట.

మేం ఏం మార్చుకున్నాం

ఈ సీజన్‌లో మూడు పనులు మొదలుపెట్టాం. ఒకటి, మొదటి కిలోమీటరు అదుపులో పెట్టుకోవడం. 10 కిలోమీటర్లు 40 నిమిషాల్లో పూర్తిచేయాలనుకునేవాడికి కిలోమీటరుకి 4 నిమిషాలు. ఉత్సాహంలో మొదటిది మూడున్నర నిమిషాల్లో పరుగెత్తితే ఒంట్లో లాక్టేట్ పోగవుతుంది. ఆ అప్పు చివరి రెండు కిలోమీటర్లలో వడ్డీతో సహా కట్టాలి. రెండు, ఎత్తు ఎక్కేటప్పుడు వేగం కాకుండా శ్రమ ఒకేలా ఉంచుకోవడం. మూడు, గుంపుగా పరుగెత్తడం. మా మూడు, నాలుగు, ఐదోవాళ్లం ఒకరి భుజం ఒకరికి కనపడేలా ప్రాక్టీస్ చేస్తున్నాం. ఒకడు తగ్గితే పక్కవాడు "ఉరుకురా" అని అరుస్తాడు.

ఈ ఏడు కొత్తగా చేరిన ఫస్ట్ ఇయర్ తమ్ముడు ఒకడు మొన్న అడిగాడు: "అన్నా, నేను ఆరోవాణ్ణి కదా, నా స్థానం లెక్కలోకి రాదు కదా, మరి నేనెందుకు?" పోయినేటి షీటు నా ఫోన్‌లో ఇంకా ఉంది. తీసి చూపించా. 23వ లైను మీద వేలు పెట్టి, "ఇతనెవరో చెప్పు" అన్నా. వాడు కాసేపు కూడికలు చేసుకున్నాడు. తర్వాత ఇంకేమీ అడగలేదు. మర్నాడు పొద్దున ఐదున్నరకి అందరికంటే ముందు వచ్చి నిలబడ్డాడు.