నక్షత్ర కాక్టస్ పెంపకము

పొలము గట్టున నాగజెముడు రెబ్బ విరిచి పారవేసినను అది అక్కడనే వేరు తన్ని పొదయగును. కాక్టస్ మొక్కలన్నియు నిట్లే మొండివని మనమనుకొనుట సహజము. కాని ఆ కుటుంబమునకే చెందిన నక్షత్ర కాక్టస్ స్వభావము వేరు. దీనికి నీటి ఎద్దడికన్న అకాలమున పోసిన నీరే ఎక్కువ ప్రమాదకరము.

దీని శాస్త్రీయ నామము ఆస్ట్రోఫైటమ్ ఆస్టెరియాస్. అమెరికాలోని టెక్సాస్ దక్షిణ భాగము, మెక్సికోలోని టమౌలిపాస్, న్యూవో లియోన్ రాష్ట్రములు దీని జన్మస్థానములు. ముళ్లుండవు. సాధారణముగా ఎనిమిది భాగములు గలిగి, తెల్లని చుక్కలతో, బిళ్లవలె నేలకంటుకొని యుండును. పసుపుపచ్చని పూవు నడుమ ఎరుపు కనబడును. అడవిలో పొదల నీడన పెరుగును. వానలు లేనప్పుడు కృశించి మట్టిలోనికి క్రుంగును.

సేకరించువారు త్రవ్వుకొనిపోవుటచేతను, భూములు చదును చేయుటచేతను ఇది అరుదైనది. 1993 లో అమెరికా ప్రభుత్వము దీనిని అంతరించిపోవు ప్రమాదమున్న మొక్కగా ప్రకటించెను. అడవినుండి త్రవ్వితెచ్చిన మొక్కను కొనరాదు. విత్తనమునుండి పెంచినదే మేలు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 2022 లో చేసిన సవరణ ఇట్టి మొక్కలకును వర్తించును. అమ్మకమునకు పెంచదలచువారు రిజిస్ట్రేషను నియమములను ముందుగా అటవీశాఖవారి వద్ద తెలిసికొనవలెను.

మట్టి: ముతక ఇసుక రెండు పాళ్లు, చిన్న ఇటుక ముక్కలు ఒక పాలు, జల్లించిన ఎఱ్ఱమట్టి ఒక పాలు కలుపవలెను. పచ్చి పేడ ఎరువు వేయరాదు. కుండీ అడుగున రంధ్రము తప్పక యుండవలెను.

విత్తుట: మట్టిపై మరుగునీరు పోసి చల్లార్చి, విత్తనములను పైననే చల్లవలెను, కప్పరాదు. కుండీపై గాజుపలక మూసి, వెలుతురు గల నీడన నుంచిన, తాజా విత్తనములు వారము లోపల మొలచును. తరువాత పలకను కొద్దికొద్దిగా తొలగించి గాలి తగులనీయవలెను. మొదటి ఏడు మట్టి పూర్తిగా ఎండరాదు. నేరుగా ఎండ తగిలిన మొలకలు ఎఱ్ఱబారును. ఏడాదికి బఠాణీ గింజంత యైనను విసుగు చెందరాదు. పూవునకు నాలుగైదేండ్లు పట్టవచ్చును.

నీరు: పెరిగిన మొక్కకు మట్టి అడుగువరకు ఎండినపిదపనే నీరు పోయవలెను. వానకాలమున కుండీలను తెల్లని పాలిథీను కప్పు క్రింద నుంచవలెను. మే నెల ఎండలలో నీడ కల్పించి, నీరు తగ్గింపుడు. డిసెంబరు, జనవరి నెలలలో దాదాపు మానవచ్చును. అప్పుడు మొక్క క్రుంగిన, చచ్చుచున్నదని జాలిపడి నీరు పోయకుడు. అది విశ్రాంతి తీసికొనుచున్నది. ఆ సమయమున పోసిన నీరు వేరును కుళ్లించును. పైకి తెలియునప్పటికి మొక్క దక్కదు.

అంటు: త్వరగా పెరుగవలెనన్న, మన ప్రాంతమున పలువురు సాగుచేయు డ్రాగన్ ఫ్రూట్ కాండముపై అంటు కట్టవచ్చును. శుభ్రమైన కత్తితో రెండింటిని సమముగా కోసి, నడుమనున్న వలయములు కలియునట్లు పెట్టి, రబ్బరు పట్టీతో వారము బిగింపుడు. నీరు తగులనీయరాదు. ఇట్లు పెరిగినది ఉబ్బి, సహజమైన బిళ్ల ఆకారము కోల్పోవచ్చును.

చీడ: వేళ్లకు పిండినల్లి పట్టిన, మట్టి దులిపి స్పిరిటులో ముంచిన దూదితో తుడువవలెను. కుళ్లు కనబడిన, పచ్చి భాగము వచ్చువరకు కోసి, గంధకపు పొడి అద్ది, నీడన ఆరవేసి మరల నాటవలెను.

విత్తనము: ఒకే మొక్క పూవు తన పుప్పొడితో సాధారణముగా కాయదు. కావున రెండు వేరువేరు మొక్కలు పూచిన దినమున, పూలు బాగుగా విచ్చుకొనిన వేళ, మెత్తని కుంచెతో పుప్పొడి మార్చవలెను. కాయ ఎండినపిమ్మట గింజలు తీసి త్వరలోనే చల్లుడు; నిలువయున్న కొలది మొలకశక్తి తగ్గును.

మీ పెరటిలో మొలచిన ప్రతి మొక్కయు అడవిలోని యొక మొక్కను త్రవ్వవలసిన పని లేకుండ చేయును.