సవరం క్రింద మన సొంత జుట్టును కాపాడుకుందాం



“సిస్టర్ గారూ, సవరం పెట్టుకుంటే ఉన్న జుట్టు కూడా ఊడిపోతుందా?” అని ఓ.పి.లోనూ, ప్రసూతి వార్డులోనూ మమ్మల్ని చాలామంది అడుగుతుంటారు. పెట్టుడు జుట్టు ఉన్నంత మాత్రాన హాని లేదు. అది కుదుళ్ళను లాగుతూ ఉండటం వల్ల, దాని క్రింద తల చర్మాన్ని మనం పట్టించుకోకపోవటం వల్ల హాని కలుగుతుంది. ఈ నష్టాన్ని మొదట్లోనే గుర్తిస్తే పోయిన జుట్టు తిరిగి వస్తుంది. సంవత్సరాల తరబడి వదిలేస్తే తిరిగి రాదు. కాబట్టి ఈ విషయాన్ని ఇంటిల్లిపాది చదివి, ఆడపిల్లలకు కూడా చెప్పవలసిందిగా కోరుతున్నాము.

పెట్టుడు జుట్టులో రకాలు

అమ్మమ్మల కాలం నుంచి మన ఇళ్ళలో ఉన్నది సవరం. దాని పాయలను సొంత జడలో కలిపి అల్లుతాము, లేదా ముడి చుట్టి పిన్నులు పెడతాము. రాత్రికి తీసేస్తాము. రోజూ తీసేయటం వల్ల కుదుళ్ళకు విశ్రాంతి దొరుకుతుంది. అది సవరంలో ఉన్న మేలు.

ఇప్పుడు బ్యూటీ పార్లర్లలో ఎక్స్‌టెన్షన్లు వచ్చాయి. వీటిలో క్లిప్పులతో పెట్టుకునేవి రోజూ తీసేయవచ్చు. టేపుతో, జిగురుతో, చిన్న రింగులతో అతికించేవి వారాల తరబడి తల మీదే ఉంటాయి. ఇంకొకటి వీవింగ్. సొంత జుట్టును తలకు ఆనుకొని సన్నటి వరుసలుగా అల్లి, ఆ అల్లికకు సూది దారంతో పెట్టుడు జుట్టును కుడతారు. ఈ పద్ధతి ఆఫ్రికా సంతతి స్త్రీలలో ఎక్కువ వాడుకలో ఉంది. వారి జుట్టు బిగుతైన ఉంగరాలుగా ఉండి, త్వరగా ఎండిపోయి తెగుతుంది కనుక వీవింగ్ క్రింద సొంత జుట్టుకు తేమ అందించటం వారికి ముఖ్యమైన పని. చదువుకు, ఉద్యోగానికి అమెరికా, ఇంగ్లండు వెళ్ళిన మన అమ్మాయిలు కూడా ఇది చేయించుకోవచ్చు కనుక ఇక్కడ చెబుతున్నాము.

ఈ జుట్టులో చాలా భాగం మన దేశం నుంచే వెళుతుంది. తిరుమలలో యాత్రికులు సమర్పించిన తలనీలాలను వేలం వేస్తారు. ఊళ్ళలో దువ్వెనకు వచ్చిన చిక్కు వెంట్రుకలకు స్టీలు గిన్నెలిచ్చి తీసుకువెళ్ళేవారిని కూడా మీరు చూసే ఉంటారు. తల నుంచి నేరుగా కత్తిరించి, కుదురు వైపు, కొస వైపు కలిసిపోకుండా కట్టిన జుట్టును రెమీ జుట్టు అంటారు. ఇది ఖరీదు ఎక్కువ, చిక్కు తక్కువ. చిక్కు వెంట్రుకలలో కొసలు అటూ ఇటూ తిరిగి ఉంటాయి. నాలుగుసార్లు కడిగేసరికి ముడులు పడి, మన సొంత జుట్టును కూడా లాగుతాయి.

వెంట్రుక ఎలా పెరుగుతుంది?

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతాయి. ఒక్కొక్క వెంట్రుక 2 నుంచి 6 సంవత్సరాలు పెరిగి, సుమారు మూడు నెలలు విశ్రాంతి తీసుకొని రాలిపోతుంది. అదే కుదురులో కొత్తది వస్తుంది. ఆరోగ్యవంతులకు కూడా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలుతాయి. కుదురు బ్రతికి ఉన్నంతకాలం భయం లేదు. కుదురు మచ్చగా మారితే అక్కడ వెంట్రుక మొలవదు.

లాగటం వల్ల జుట్టు ఊడటం

ఇది కొత్త జబ్బు కాదు. జుట్టును గట్టిగా పైకి లాగి ముడి వేసుకొనే గ్రీన్‌లాండ్ స్త్రీలలో దీనిని 1907లోనే వైద్యులు వర్ణించారు. తలపాగా క్రింద జుట్టును బిగించి కట్టుకొనే సిక్కు పురుషులలోనూ ఇది కనిపిస్తుంది. బడికి వెళ్ళే పిల్లలకు నూనె రాసి, నుదుటి చర్మం సాగేంత గట్టిగా రెండు జడలు వేస్తే వారికీ వస్తుంది. సవరం, వీవింగ్ వాడేవారిలో లాగటానికి బరువు కూడా తోడవుతుంది.

ఈ లక్షణాలను గమనించండి:

1. జడ వేసిన తరువాత తల నొప్పి పుట్టటం, కుదుళ్ళ దగ్గర సలుపు.
2. నుదుటి అంచున, కణతల దగ్గర, చెవుల వెనుక చిన్న చిన్న పొక్కులు, ఎరుపు, దురద.
3. అదే చోట పొట్టిగా తెగిన వెంట్రుకలు కనిపించటం.
4. పాపిడి వెడల్పు కావటం, నుదురు పైకి జరిగినట్లు కనిపించటం. అంచున మాత్రం సన్నటి నూగు మిగిలి ఉంటుంది.

మొదటి మూడు లక్షణాల దగ్గరే ఆగి, లాగటం మానేస్తే కొన్ని నెలలలో జుట్టు కోలుకుంటుంది. కాని చాలామంది చేసేది దీనికి విరుద్ధం. కణతల దగ్గర పలచబడిందని దానిని కప్పటానికి ఇంకా పెద్ద సవరం, ఇంకా బిగుతైన ముడి వేస్తారు. దానితో మరింత ఊడుతుంది. చర్మం నున్నగా మెరుస్తూ, కుదుళ్ళ రంధ్రాలు కనిపించకుండా పోయిన తరువాత ఏ నూనె రాసినా ప్రయోజనం ఉండదు.

పెట్టుకునే ముందు

తల చర్మం మీద చుండ్రు, పుండ్లు, తామర, పేలు ఉంటే ముందు వాటికి వైద్యం చేయించుకోండి. జిగురు వాడేటట్లయితే ముందుగా మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి 48 గంటలు చూడండి. దురద, దద్దురు వస్తే అది మీకు పడదు. జుట్టు రంగు పడనివారు రంగు వేసిన సవరంతోనూ జాగ్రత్తగా ఉండాలి.

మీ జడ ఎంత సన్నమో సవరం అంత తేలికగా ఉండాలి. కుట్టేటప్పుడు లేదా అల్లేటప్పుడు నొప్పి పుడితే “కొంచెం వదులు చేయండి” అని అడగండి. “రెండు రోజులలో అదే సర్దుకుంటుంది” అంటే ఒప్పుకోకండి. నొప్పి అంటే కుదురు లాగబడుతున్నదని అర్థం.

పెట్టుకున్నన్ని రోజులు

సవరం వాడేవారు రాత్రి తప్పక తీసి, వదులు జడతో పడుకోండి. రోజూ ఒకే చోట పిన్నులు పెట్టకండి. వారానికి రెండు రోజులైనా సవరం లేకుండా ఉండండి. తలస్నానం చేసిన వెంటనే తడి జుట్టుకు సవరం కట్టకండి. తడి వెంట్రుక సాగి సులభంగా తెగుతుంది, తేమ వల్ల దురద, వాసన వస్తాయి.

తలంటుకు ముందు కొబ్బరి నూనె రాస్తే వెంట్రుకలోని ప్రోటీను నష్టం తగ్గుతుందని 2003లో ప్రచురితమైన పరిశోధనలో తేలింది. కాని చుండ్రు ఉన్నవారు సవరం క్రింద నూనెను రోజుల తరబడి ఉంచితే చుండ్రు పెరుగుతుంది. రాసి, కొంతసేపు ఉంచి, కుంకుడుకాయతోగాని షాంపూతోగాని కడిగేయండి.

వీవింగ్ ఉన్నవారు కనీసం రెండు వారాలకు ఒకసారి తల కడగాలి. షాంపూను నీటిలో కలిపి, అల్లిక వరుసల మధ్య వేళ్ళ కొసలతో మెల్లగా రుద్దాలి. గోళ్ళు వాడకూడదు. లోపలి అల్లిక పూర్తిగా ఆరాలి. పైన ఆరినట్లు కనిపించినా లోపల తడి ఉండిపోతుంది. 6 నుంచి 8 వారాలకు మించి ఉంచకండి.

సవరాన్ని కూడా వారం పది రోజులకు ఒకసారి కడిగి నీడలో ఆరవేయండి. ఒకరి సవరం ఇంకొకరు వాడకూడదు. అక్కాచెల్లెళ్ళయినా, హాస్టలులో స్నేహితులయినా సరే. పేలున్నవారు వాడిన సవరాన్ని ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూతి కట్టి రెండు వారాలు ఉంచితే పేలు, ఈపులు చచ్చిపోతాయి.

తీసేటప్పుడు

ఆరు వారాల తరువాత వీవింగ్ తీసినప్పుడు దోసెడు జుట్టు చేతిలోకి వస్తే భయపడకండి. రోజుకు 50 నుంచి 100 చొప్పున రాలవలసిన వెంట్రుకలు అల్లికలో చిక్కుకొని ఉంటాయి. అంటే రెండు వేల నుంచి నాలుగు వేల వెంట్రుకలు ఒకేసారి కనిపిస్తాయన్నమాట. కొసల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీయండి. జిగురును చేతితో పీకకండి. పెట్టినవారి చేతనే దానికి తగిన ద్రావకంతో తీయించుకోండి. మళ్ళీ పెట్టించుకునే ముందు కొన్ని వారాలు తలకు విశ్రాంతి ఇవ్వండి.

ఎవరు ఆగాలి?

బాలింతలకు కాన్పు తరువాత రెండు నుంచి నాలుగు నెలలలో జుట్టు ఎక్కువగా రాలుతుంది. బిడ్డ మొదటి పుట్టినరోజు నాటికి చాలామందికి తిరిగి నిండుతుంది. టైఫాయిడ్, డెంగ్యూ వంటి పెద్ద జ్వరాల తరువాత కూడా ఇలాగే జరుగుతుంది. ఈ కాలంలో కుట్టేవి, అతికించేవి వద్దు. క్యాన్సరుకు కీమోథెరపీ తీసుకునేవారికి మెత్తటి లోపలి టోపీ ఉన్న విగ్గు, లేదా నూలు స్కార్ఫు మంచిది. కొత్తగా మొలిచే జుట్టు బలపడేవరకు దానికి ఏమీ తగిలించకూడదు.

కారణం తెలియకుండా జుట్టు పలచబడుతుంటే సవరంతో కప్పి ఊరుకోకండి. రక్తహీనత, థైరాయిడ్ జబ్బులు కూడా ఇలాగే బయటపడతాయి. గర్భిణీ కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తక్కువ ఉంటే రక్తహీనత ఉన్నట్లే. ఒక్క రక్తపరీక్షతో తెలిసే జబ్బును సవరం క్రింద దాచుకోవద్దు.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు

ఆపరేషనుకు, ఎమ్.ఆర్.ఐ.కి వచ్చేవారు సవరం, క్లిప్పులు, హెయిర్‌పిన్నులు అన్నీ తీసి రావాలి. ఎమ్.ఆర్.ఐ. అయస్కాంతం ఇనుప పిన్నును లాగేస్తుంది. ఆపరేషనులో కరెంటు పరికరం వాడినప్పుడు లోహం తగిలిన చోట కాలే ప్రమాదం ఉంది. తలకు సి.టి. స్కాన్ తీసేటప్పుడు పిన్నుల వల్ల బొమ్మ చెడిపోతుంది. ఇ.ఇ.జి.కి తల చర్మం మీద తీగలు అతికించాలి కనుక కుట్టిన జుట్టు ఉంటే ముందే నర్సుకు చెప్పండి. తల ముందు మొహమాటం వద్దు. మేము ఎవరినీ నవ్వము.

గుర్తుంచుకోండి

నెలకు ఒకసారి వెలుతురులో అద్దం ముందు నిలబడి, జుట్టు విప్పి, రెండు కణతలు, పాపిడి చూసుకోండి. చెవుల వెనుక భాగాన్ని ఇంట్లో ఒకరి చేత చూపించుకోండి. పెళ్ళికుమార్తెకు ముసుగు నిలవటానికి పెద్ద కొప్పు పెట్టినా, పండుగకు పూలజడ వేసినా ఒక్క పూటతో నష్టం రాదు. పూట గడిచాక విప్పేయటం మరువకండి. నొప్పి, పొక్కులు, పలచబడటం – ఈ మూడింటిలో ఏది కనిపించినా సవరం తీసి ప్రక్కన పెట్టి, చర్మవ్యాధుల డాక్టరు గారిని కలవండి.