పిల్ల ఎదగడం లేదా?

"మా ఇంట్లో అందరం పొట్టే. పిల్ల కూడా అంతే." కొందరు తల్లులు ఇలా అనుకుంటారు. అది నిజం కావచ్చు. జబ్బు కూడా కావచ్చు. ఆ జబ్బుకు మందు ఉంది.

గొంతు ముందు భాగంలో ఒక చిన్న గ్రంథి ఉంది. సీతాకోకచిలుకలా ఉంటుంది. దాని పేరు థైరాయిడ్. అందులో ఒక రసం ఊరుతుంది. అది రక్తంలో కలుస్తుంది. ఎముకలు పొడుగు సాగాలన్నా, మెదడు ఎదగాలన్నా ఆ రసం కావాలి.

రసం తగ్గితే ఏమవుతుంది? ఎముకలు సరిగా ఎదగవు. పళ్లు ఆలస్యంగా వస్తాయి. పిల్ల మందకొడిగా ఉంటుంది. చలికి ఓర్చుకోలేదు. విరేచనం సాఫీగా కాదు. పసిబిడ్డ అయితే పాలు సరిగా తాగదు. ఏడుపు బొంగురుగా ఉంటుంది. పచ్చకామెర్లు త్వరగా తగ్గవు. పసిబిడ్డను వెంటనే చూపించాలి. ఆలస్యమైతే మెదడు దెబ్బతింటుంది.

నాలుగేళ్లు దాటిన పిల్లలు ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు, అంటే 2 అంగుళాలు పెరుగుతారు. పిల్లను గోడకు ఆనించి నిలబెట్టండి. తల పైన గీత గీయండి. ఏడాదికి మళ్లీ చూడండి. గీత అంతగా జరగకపోతే డాక్టరుకు చూపించండి.

రక్తపరీక్షలో జబ్బు తెలుస్తుంది. మందు రోజూ పరగడుపున వేసే మాత్ర. మాత్ర ఎక్కువైనా ఎముకలకు చేటే. డాక్టరు చెప్పినంతే వేయాలి. "బాగైంది కదా" అని ఆపరాదు.

ఆ రసం తయారు కావడానికి అయోడిన్ కావాలి. అయోడిన్ ఉప్పే కొనండి. మూత పెట్టి ఉంచండి. గర్భిణికి అది మరీ అవసరం.

చెప్పండి:
1. థైరాయిడ్ ఎక్కడ ఉంటుంది?
2. మాత్ర ఎందుకు ఆపకూడదు?
3. మీ పిల్ల నిరుడు ఎంత పెరిగింది?