గన్ కన్నా ముందు చూసుకోవాల్సినవి

డాలస్‌లో ఎన్నో ఏళ్లుగా ఉంటున్న ఒక పెద్దాయనకు హ్యూస్టన్ నుంచి తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు. పిస్టల్ కొనాలనుకుంటున్నాను, ఏది మంచిదో చెప్పండి పెదనాన్నా అన్నాడు. ఆయన ఫోన్‌లో ఏమీ తేల్చలేదు. తీరిగ్గా కూర్చుని ఉత్తరం రాశారు. ఏ గన్ కొనాలన్న మాట అందులో సగం దాటాక గానీ రాదు.

మొదటి వాక్యమే ప్రశ్న: "నాన్నా, నీకు గ్రీన్‌కార్డు వచ్చేసిందా, ఇంకా హెచ్-1బి మీదే ఉన్నావా?" అమెరికాలో చాలామంది మనవాళ్లు పట్టించుకోని సంగతి ఇది. హెచ్-1బి, ఎఫ్-1 వంటి వీసాల మీద ఉన్నవాళ్లు గన్ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులున్నా, వాటిని నమ్ముకుని షాపుకెళ్లే ముందు లాయర్ని అడగడం మేలు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు. అయితే వీసా మీదున్న స్నేహితుడి కోసం తన పేరు మీద కొనిపెట్టడం నేరం. షాపులో నింపే 4473 ఫారంలో అబద్ధం రాయడమూ నేరమే. మొహమాటానికి పోయి ఇమిగ్రేషన్ హోదానే పోగొట్టుకోవద్దని పెద్దాయన గట్టిగానే రాశారు.

టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండిన అర్హులు లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకోవచ్చు. అయినా క్లాసుకి వెళ్లి లైసెన్సు తీసుకోమన్నారాయన. బడులు, కోర్టులు, పోస్టాఫీసులు, '51%' అని ఎర్రంకె ఉన్న బోర్డు పెట్టిన బార్లు వంటి నిషిద్ధ స్థలాలేవో అక్కడే నేర్పుతారు. అలాంటి చోట్ల పొరపాట్లూ తక్కువేం కాదు: 2023లో అమెరికా విమానాశ్రయాల తనిఖీలో 6,737 గన్‌లు దొరికాయి. వాటిలో నూటికి 93 తూటాలు నింపినవే. చాలామంది చెప్పిన కారణం ఒకటే: బ్యాగులో ఉన్న సంగతి మర్చిపోయామని.

ఇక ఏ గన్? కొత్తవాళ్లు జేబులో పట్టే బుల్లి పిస్టల్ వైపే చూస్తారు. అది దాచుకోవడానికి సులువు, కాల్చడానికి కష్టం. బరువు తక్కువ కాబట్టి చేతిని గట్టిగా తంతుంది. చిటికెన వేలికి పట్టు దొరక్క గాల్లో ఉంటుంది. ఐదు తూటాల చిన్న రివాల్వర్‌దీ అదే తంతు, పైగా ట్రిగ్గర్ బరువు. గ్లాక్ 19, సిగ్ పి365 వంటి 9 ఎంఎం పిస్టళ్లను షూటింగ్ రేంజ్‌లో అద్దెకిస్తారు. రెండూ కాల్చి, స్లయిడ్ వెనక్కి లాగి, చెయ్యి ఏది ఒప్పుకుంటే అది తీసుకోమన్నారు. అపార్ట్‌మెంట్ గోడను 9 ఎంఎం తూటా సునాయాసంగా దాటుతుందని, అవతల ఇంకో కుటుంబం ఉంటుందని కూడా గుర్తుచేశారు.

హోల్‌స్టర్ గురించి మాత్రం ఆయన కలం ఆగలేదు. చవక గుడ్డ హోల్‌స్టర్ కొనొద్దు. కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌తో, సరిగ్గా ఆ మోడల్ కొలతకే చేసినది కొనాలి. ట్రిగ్గర్ పూర్తిగా కప్పుకుపోవాలి. గన్ బయటికి తీశాక హోల్‌స్టర్ మూతి ముడుచుకుపోకూడదు. ప్యాంటుకు వాడే మెత్తటి బెల్టు ఆ బరువుకి వంగిపోతుంది, గట్టి బెల్టు కావాలి. తిరిగి లోపల పెట్టేటప్పుడు చొక్కా అంచో, జాకెట్ తాడో ట్రిగ్గర్‌లో చిక్కుకుంటే గన్ పేలుతుంది. అందుకే చొక్కా పూర్తిగా పైకి లాగి, కళ్లతో చూస్తూ, నెమ్మదిగా పెట్టాలి. అక్కడ తొందరపడాల్సిన అవసరం ఎవరికీ ఉండదు.

హ్యాండ్‌బ్యాగులో మాత్రం వద్దే వద్దన్నారు. 2014 డిసెంబరు 30న ఐడహో రాష్ట్రం హేడెన్‌లో ఒక తల్లి షాపింగుకు వెళ్లింది. గన్ పెట్టుకోవడానికే ప్రత్యేకంగా కుట్టిన బ్యాగు ఆమెది. రెండేళ్ల కొడుకు దాని జిప్ తీశాడు, లోపలి గన్ పేలింది. ఆ తూటాకి తల్లి అక్కడికక్కడే చనిపోయింది. తమ్ముడి కొడుకింట్లోనూ మూడేళ్ల పాప ఉంది. అందుకే గన్ కన్నా ముందు వేలిముద్రతోనో అంకెలతోనో తెరుచుకునే ఇనప పెట్టె కొని, గోడకో మంచానికో బిగించమన్నారు.

ఆ పెట్టె పిల్లల కోసమే కాదు. 2022లో అమెరికాలో 48 వేల మందికి పైగా తుపాకీ వల్ల చనిపోతే, వారిలో 27 వేల మందివి ఆత్మహత్యలు. ఇంట్లో ఎవరైనా దిగులుగా, నిద్రలేకుండా ఉంటే గన్‌ను ఇల్లు దాటించమని, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని రాశారు.

చివర్లో రెండే మాటలు. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగును ఇండియా ప్రయాణానికి ఎప్పుడూ వాడకు, అడుగున ఒక్క తూటా మిగిలినా శంషాబాద్ విమానాశ్రయంలో ఆయుధాల చట్టం కింద కేసవుతుంది. "వచ్చే నెల ఇద్దరూ ఇక్కడికి రండి, కోడలికీ క్లాసు చెప్పిద్దాం. అప్పటిదాకా ఏదీ కొనకు నాన్నా."