ఇంటి పద్దుతో తనఖా విడుదల

వ్యవసాయమునకు పెట్టుబడి ఎంత అవసరమో, తెచ్చిన అప్పును వేళకు తీర్చుట అంత అవసరము. బోరు వేయించుటకు, ట్రాక్టరు కొనుటకు, ఇల్లు కట్టుకొనుటకు భూమినో ఇంటినో తనఖా పెట్టి అప్పు తెచ్చుట తప్పు కాదు. అయితే పది సంవత్సరముల గడువు ఇచ్చినారు గదా అని పదవ సంవత్సరము వరకు ఆ అప్పును మోయవలసిన అవసరము లేదు. పంట డబ్బు చేతికి వచ్చిన వారములోనే, అప్పు తీసికొన్న తొలి సంవత్సరములలోనే, వాయిదాకు మించి కొంత సొమ్మును అసలుకు కట్టగలిగినచో గడువు తగ్గును, వడ్డీ మిగులును, ఆస్తి త్వరగా విడుదల యగును. ఆ కొంత సొమ్మును సమకూర్చునది ఇంటి పద్దు. దానిని గూర్చియే ఈ వ్యాసము.

బోధన్ ప్రాంతము నేర్పిన పాఠము

మంజీరా నదిపై నిజాంసాగర్ 1931లో పూర్తి యైనది. ఆ కాలువ నీటిని ఆధారము చేసికొని 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. అప్పటినుండి ఈ ప్రాంతపు రైతు కుటుంబములు చెరకు బిల్లును చూచుకొనియే పెండ్లిండ్లు, ఇండ్లు, అప్పుల వాయిదాలు ఏర్పాటు చేసికొనెడివి. చెరకు ఏడాది పంట. డబ్బు ఒక్కసారి వచ్చును, ఖర్చు మాత్రము పన్నెండు నెలలు నడచును. అందువలన ఏడాది పొడుగున ఉద్దెర తెచ్చుట, బిల్లు రాగానే తీర్చుట అనునది అలవాటైనది.

2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతపడినది. చెరకు వేసిన వారు దూరపు మిల్లులను వెదకుకొనవలసి వచ్చినది. అనేకులు వరికి, సోయాకు, మొక్కజొన్నకు మారినారు. ఆదాయపు దారి మారినది గాని, బ్యాంకు వాయిదా తేదీ మారలేదు. దీనిలో మనము గ్రహింపవలసిన విషయ మొకటి కలదు. అప్పు గడువు పదేండ్లు ఉండవచ్చును, కాని మన ఆదాయము పదేండ్లు ఒకే తీరున ఉండునని ఎవరును హామీ ఇయ్యలేరు. ఆదాయము బాగుగా ఉన్న ఏండ్లలోనే అప్పును తగ్గించుకొనుట వివేకము.

వడ్డీ ఎట్లు నడచును

ఒక రైతు 5,00,000 రూపాయలు, నూటికి ఏటా 10 రూపాయల వడ్డీపై, పది సంవత్సరముల గడువుతో తీసికొన్నాడనుకొందము. ఏటికొకసారి సమాన వాయిదా కట్టవలెనన్నచో అది సుమారు 81,373 రూపాయలగును. మొదటి ఏడాది కట్టిన దానిలో 50,000 వడ్డీకే పోవును, అసలులో తగ్గునది 31,373 మాత్రమే. పదవ ఏట అదే వాయిదాలో వడ్డీ సుమారు 7,400, మిగిలినదంతయు అసలు. పది సంవత్సరములలో కట్టిన మొత్తము సుమారు 8,13,700 రూపాయలు. అనగా వడ్డీ 3,13,700.

ఇప్పుడు ఆ రైతు మొదటి ఏటి వాయిదాతోబాటు 20,000 రూపాయలు అధికముగా, ఒక్కసారి మాత్రమే, అసలుకు కట్టినాడనుకొందము. అప్పు తీరునాటికి అతనికి మిగులు వడ్డీ సుమారు 27,100 రూపాయలు. అదే 20,000 ఎనిమిదవ ఏట కట్టినచో మిగులునది 4,200 మాత్రమే. సొమ్ము ఒకటే, కట్టిన కాలము వేరు. కనుక “ముందు ముందు చూచుకొందము” అను ఆలోచన ఈ విషయములో నష్టకరము.

ఏటేట 20,000 అధికముగా కట్టుచు పోయినచో ఏడవ వాయిదా తరువాత బాకీ సుమారు 12,600 మిగులును. ఎనిమిదవ ఏట దాదాపు 13,900 కట్టి అప్పు ముగింపవచ్చును. వడ్డీలో మిగులు సుమారు 90,200 రూపాయలు. చివరి రెండేండ్ల వాయిదాలు ఉండవు. ఆ సొమ్ము పిల్లల చదువుకో, భూమి బాగుకో పనికి వచ్చును.

ఏ అప్పును ముందు తీర్చవలెను

అన్ని అప్పులు ఒక్కటి కావు. ముందుగా మీ అప్పులన్నింటిని ఒక కాగితముపై వ్రాసి, ప్రతిదాని ప్రక్కన ఏడాది వడ్డీ వేయుడు. నూటికి నెలకు రెండు రూపాయలనగా ఏడాదికి 24, మూడు రూపాయలనగా 36. చేబదులు, దుకాణపు ఉద్దెర సాధారణముగా ఈ కోవలోనివే. వీటిని తీర్చిన తరువాతనే తనఖా అప్పుకు అధికముగా కట్టవలెను. నూటికి 24 వడ్డీ అప్పును అట్లే ఉంచి, నూటికి 10 వడ్డీ అప్పును ముందుగా తీర్చుట లెక్క తెలిసిన పని కాదు.

పంట ఋణము సంగతి వేరు. కిసాన్ క్రెడిట్ కార్డుపై 3 లక్షల వరకు తీసికొన్న పంట ఋణమునకు వడ్డీ నూటికి 7. సకాలములో చెల్లించిన వారికి 3 రాయితీ లభించి, 4 మాత్రమే పడును. ఇది చాల తక్కువ వడ్డీ. కనుక దీనిని గడువు తప్పకుండ చెల్లించి, రాయితీ పొంది, తిరిగి తీసికొనుట లాభము. తనఖాకు అధికముగా కట్టవలెనని పంట ఋణపు గడువు తప్పరాదు.

మాఫీ వచ్చునని తనఖా అప్పును ఆపుకొనుట కూడ మంచిది కాదు. 2024లో తెలంగాణ ప్రభుత్వము చేసిన మాఫీ 2 లక్షల వరకు గల పంట ఋణములకే గాని, దీర్ఘకాలిక ఋణములకు కాదు.

ఇంటి పద్దు వ్రాయు విధము

ఒక నూరు పుటల నోటు పుస్తకము చాలును. ఎడమ పుటలో రాబడి, కుడి పుటలో ఖర్చు వ్రాయుడు. పొలము ఖర్చును ఇంటి ఖర్చును వేరువేరుగా చూపుడు. విత్తనము, ఎరువు, మందు, కూలి, ట్రాక్టరు కిరాయి ఒక ప్రక్క, కిరాణము, బడి రుసుము, వైద్యము, పెట్రోలు, సెల్‌ఫోను, పండుగలు, కట్నకానుకలు, కల్లు, పొగాకు మరొక ప్రక్క. సిగ్గుపడి ఏ ఖర్చును దాచరాదు. దాచిన ఖర్చే అప్పుగా బయటపడును.

ఈ పద్దును ఇల్లాలు వ్రాయుట మేలు. మహిళా పొదుపు సంఘములో లెక్కలు చూచుట ఆమెకు అలవాటే. నెలకొకసారి భార్యాభర్తలు కూర్చుండి పుటలు తిరుగవేయవలెను. ఎదిగిన పిల్లలను కూడ కూర్చుండబెట్టినచో ఇంటి అప్పు ఎంతయో వారికిని తెలియును, కోరికలలో సర్దుబాటు వచ్చును.

రాబడిని వచ్చు నెలలలోనే చూపుడు. సోయా డబ్బు దసరా ప్రాంతమున, వానాకాలపు వరి డబ్బు దీపావళి తరువాత, పసుపు డబ్బు ఫిబ్రవరి నుండి నిజామాబాదు మార్కెట్టు యార్డులో అమ్మిన కొలది, యాసంగి వరి డబ్బు ఎండకాలములో వచ్చును. చెరకు సరఫరా చేసిన 14 దినములలో మిల్లు డబ్బు చెల్లించవలెనని 1966 చెరకు నియంత్రణ ఉత్తరువు చెప్పుచున్నది. అయినను ఖాతాలో పడువరకు ఆ డబ్బును ఖర్చు లెక్కలో చేర్చకుడు.

ఇరువది వేలు ఎక్కడినుండి వచ్చును

ఏడాదికి 20,000 అనగా దినమునకు 55 రూపాయలు. ఒక్క పెద్ద ఖర్చును మానుట వలన కాక, చిన్న చిన్న సర్దుబాట్ల వలననే ఇది కూడును.

ఒక ఉదాహరణ చూడుడు. దుకాణములో 40,000 రూపాయల ఎరువు, మందు ఉద్దెరగా తెచ్చి, నెలకు రెండు రూపాయల వడ్డీపై అయిదు నెలలకు తీర్చినచో వడ్డీ 4,000. అదే వస్తువును పంట ఋణపు డబ్బుతో రొక్కముగా కొన్నచో, నూటికి 7 చొప్పున అయిదు నెలలకు వడ్డీ సుమారు 1,170. ఒక్క కారులో 2,800 మిగిలినది. రెండు కార్లకు 5,600.

భూసార పరీక్ష చేయించి, అవసరమైనంతే యూరియా వేయుట, గట్లపై కంది, పెరటిలో కూరగాయలు పెంచుట, ఏడాదికి సరిపడు పప్పు, మిరప, చింతపండు పంట కాలములో కొని నిలువ చేయుట, ఇట్టివన్నియు పద్దులో కనబడు మిగులులే. పెండ్లికి, పండుగకు ఎంత ఖర్చు చేయవలెనో ముందుగా పుస్తకములో వ్రాసికొని, ఆ మొత్తము దాటకుండుట మరొక మార్గము. బ్రదుకునకు ముఖ్యమైన తిండిలో, వైద్యములో, పిల్లల చదువులో మాత్రము కోత పెట్టరాదు.

ముందు నిలువ, తరువాత అధిక చెల్లింపు

చేతిలోని డబ్బంతయు బ్యాంకులో కట్టివేయుట కూడ పొరపాటే. రాబోవు పంటకు పంట ఋణము పోగా కావలసిన పెట్టుబడి, మూడు నెలల ఇంటి ఖర్చు, కొంత వైద్యపు సొమ్ము ప్రత్యేకముగా ఉంచుకొనవలెను. తనఖా అప్పుకు 20,000 అధికముగా కట్టినచో ఏడాదికి 2,000 వడ్డీ తగ్గును. ఆ తరువాత జ్వరమునకో, విత్తనమునకో అదే 20,000 రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో ఏడాదికి 4,800 పోవును. నిలువ లేని తొందర అప్పును పెంచును.

బ్యాంకులో అడుగవలసినవి

అధికముగా కట్టునప్పుడు ఊరక డబ్బు జమచేసి వచ్చిన చాలదు. “ఈ సొమ్మును అసలులో తగ్గింపుడు, వాయిదా మొత్తమును అట్లే ఉంచి గడువును తగ్గింపుడు” అని వ్రాతపూర్వకముగా ఇచ్చి రసీదు తీసికొనుడు. లేనిచో ఆ సొమ్ము రాబోవు వాయిదాకు ముందస్తు జమగా ఉండిపోవచ్చును, లేదా గడువు తగ్గక వాయిదా మాత్రమే తగ్గవచ్చును.

ముందుగా కట్టినందుకు రుసుము కలదా అని కూడ అడుగుడు. ఇంటి అప్పు వలె వ్యాపారమునకు గాక వ్యక్తులకిచ్చిన అప్పులలో, మారు వడ్డీ కలవాటికి అట్టి రుసుము బ్యాంకులు వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు నియమము. స్థిర వడ్డీ అప్పులకు, ఇతర అవసరముల అప్పులకు ఒప్పంద పత్రమును చదివించుకొనవలెను. ఏటికొకసారి ఖాతా వివరము తీసికొని మీ పద్దుతో సరిచూచుకొనుడు.

అప్పు తీరిన తరువాత

చివరి రూపాయి కట్టినంతనే పని ముగియలేదు. బాకీ లేదను పత్రము, తనఖా పెట్టిన అసలు దస్తావేజులు తీసికొనుడు. ఇంటి అప్పు వంటి వ్యక్తిగత ఋణములలో పూర్తి చెల్లింపు జరిగిన 30 దినములలో దస్తావేజులు తిరిగి ఇయ్యవలెను. బ్యాంకు తప్పు వలన ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయల చొప్పున పరిహారము చెల్లించవలెను. ఈ నియమము 2023 డిసెంబరు 1 నుండి అమలులో కలదు. తనఖా రిజిస్టరు అయియున్నచో దాని విడుదలను కూడ రిజిస్టరు చేయించి, రికార్డులలో మీ ఆస్తిపై భారము తొలగినదో లేదో చూచుకొనుడు. ఈ పని మరచినచో మీ పిల్లలు పంపకము నాడు ఇబ్బంది పడుదురు.

వానలు, ధరలు, మిల్లులు మన చేతిలో లేవు. ఇంటి పద్దు మన చేతిలోనిది. ఈ కారు పంట డబ్బు రాకముందే నోటు పుస్తకము కొని, మీ అప్పులను, వాటి వడ్డీలను మొదటి పుటలో వ్రాయుడు. తనఖా విడుదలకు అది మొదటి మెట్టు.